ఊరంతా దోషేనా? నగరాల మీద బాంబులు – ధమ్మం చెప్పే మాట



ఈ పాఠం పంచశీలాల్లో మొదటి శీలం గురించి. ప్రాణహింసకు దూరంగా ఉంటామని వందనంలో ప్రతిసారీ మాట తీసుకుంటున్నాం. ఆ మాట ఇంటి గడప దగ్గరే ఆగిపోతుందా, యుద్ధం దాకా కూడా పోతుందా? ఇదే ఈ రోజు మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్ మధ్య నాలుగు రోజులు పోరాటం జరిగింది. మే 8 రాత్రి కొన్ని టీవీ చానళ్లు కరాచీ ఓడరేవు నాశనమైపోయిందని చెప్పాయి. అది అబద్ధమని తర్వాత తేలింది. కానీ ఆ రాత్రి టీవీల ముందర చప్పట్లు కొట్టినవాళ్లు, 'అట్లే కావల్ల వాళ్లకు' అన్నవాళ్లు తక్కువ మంది కాదు. మన వాడల్లో కూడా ఆ మాట వినిపించింది. అదే రోజుల్లో సరిహద్దుకు ఇవతల పూంఛ్ పట్టణం మీద ఫిరంగి గుండ్లు పడి పిల్లలతో సహా సామాన్యులు చనిపోయారు. మన రాయలసీమ తండా నుంచి పోయిన ఒక జవాను కూడా సరిహద్దులో ప్రాణం కోల్పోయాడు. ఆ ఇళ్ల దుఃఖం మనకు అర్థమవుతుంది. మరి కరాచీలో రేవు పక్కన బతికే కూలివాళ్ల దుఃఖం మనకెందుకు అర్థం కావడం లేదు?

1. మన తీరం మీద పడిన బాంబులు

నగరాల మీద బాంబులు పడటం యాడనో దూరదేశాల కథ అనుకుంటాం. కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందు రోజు కొలంబో మీద వేశారు. ఏప్రిల్ 9న ట్రింకోమలీ మీద వేశారు. విశాఖలో రేవు, కరెంటు ఉత్పత్తి కేంద్రం దెబ్బతిన్నాయి, మనుషులు చనిపోయారు. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పరుగుతీశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు తరలించాల్సి వచ్చింది.

రేవు యుద్ధానికి పనికొచ్చే చోటే, అది నిజం. కానీ రేవులో పనిచేసేది ఎవరు? బస్తాలు మోసేవాళ్లు, బొగ్గు దించేవాళ్లు. యుద్ధం కావాలా వద్దా అని వాళ్లను ఎవరూ అడగలేదు.

2. రంగూన్‌లో తెలుగు కూలీలు

అంతకంటే పెద్ద దెబ్బ మనవాళ్లకు బర్మాలో తగిలింది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది పేదలు ఓడెక్కి రంగూన్‌కు కూలికి పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు, అదీ చిన్నచూపుతోనే. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, వీధులు ఊడ్చే పనుల్లో వాళ్లే ఉండేవారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. విమానాలను చూడటానికి జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా చనిపోయారు. క్రిస్మస్ నాడు మళ్లీ వేశారు. ఆ తర్వాత నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయలుదేరారు. ఓడల్లో చోటు దొరకనివాళ్లు అరకాన్ కొండల గుండా, మణిపూర్ అడవుల గుండా నడిచి వచ్చారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలాది మంది దారిలోనే కన్నుమూశారు. ఆ దారుల్లో కూడా తెల్లవాళ్లకు ఒక మర్యాద, నల్లవాళ్లకు ఒక మర్యాద.

గమనించండి. బాంబు వేసిన జపాన్‌కు ఆ కూలీ శత్రువు కాడు. పాలించిన బ్రిటిష్‌కు ఆ కూలీ లెక్కలోని మనిషి కాడు. ఇద్దరి మధ్య నలిగింది మాత్రం అతనే.

మిగతా చోట్ల కూడా ఇదే వరుస. 1942 ఫిబ్రవరి 14న బ్రిటిష్ వైమానిక దళానికి ఇచ్చిన ఆదేశంలో, శత్రుదేశ ప్రజల ధైర్యాన్ని, ముఖ్యంగా కార్మికుల ధైర్యాన్ని దెబ్బతీయాలని ఉంది. 1945 మార్చి 9 రాత్రి అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పు బాంబులు కురిపిస్తే సుమారు లక్షమంది చనిపోయారు. ఎక్కువగా కాలిపోయింది శ్రామికుల చెక్క ఇళ్లు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసిన ఒక్క అణుబాంబుకు ఆ ఏడాది చివరికల్లా దాదాపు 1,40,000 మంది చనిపోయారు. వారిలో వేలమంది కొరియన్లు, చాలామంది పనికోసం బలవంతంగా తెచ్చినవాళ్లు.

3. ఈ లెక్క మనకు తెలియనిది కాదు

'వాడు తప్పు చేశాడు, కాబట్టి వాని వాళ్లందరినీ కొట్టాల.' ఈ మాట రాయలసీమలో ఎవరికి తెలియదు? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఫ్యాక్షన్ కక్షలు ఎట్లా నడిచాయో పెద్దలు చూశారు. నాటుబాంబు వేసేటప్పుడు ఇంట్లో ముసలమ్మ ఉందా, చంటిబిడ్డ ఉందా అని ఎవరూ చూడలేదు. ఫలానావాని వర్గం అయితే చాలు. కక్ష నాయకులది, చచ్చింది ఎక్కువగా వాళ్ల వెంట తిరిగిన పేదోళ్లు.

అంతకంటే దగ్గరి ఉదాహరణ కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర జరిగిన మాటల గొడవకు, 1985 జూలై 17న మాదిగపల్లె మొత్తం మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పారిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. చనిపోయినవాళ్లు ఏం తప్పు చేశారు? ఆ పల్లెలో పుట్టారు. అంతే.

నగరం మీద బాంబు వేసేవాని ఆలోచన, పల్లె మీద గొడ్డళ్లతో పడేవాని ఆలోచన ఒక్కటే: మనిషిని చూడకుండా వాడు ఏ గుంపువాడో చూసి శిక్షించడం. ఒకడు ఆకాశంలో ఉంటాడు, ఒకడు వీధిలో ఉంటాడు. అంతకు మించి తేడా లేదు. పుట్టుకను బట్టి శిక్ష వేయడాన్ని మనం కులం అని పిలుస్తాం. దాన్ని వదిలించుకోవడానికే ధమ్మంలోకి వచ్చాం. పుట్టిన ఊరును బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి వేసే శిక్షకు చప్పట్లు కొడితే, వెనుక తలుపు నుంచి దాన్నే మళ్లీ ఇంట్లోకి పిలుచుకున్నట్టు.

4. బాబాసాహెబ్ ఇచ్చిన కొలత

అయితే ధమ్మం అంటే ఎవరు కొట్టినా పడుండటమేనా? కాదు. బాబాసాహెబ్ ఈ విషయం స్పష్టంగా చెప్పారు. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో అహింస గురించి రాస్తూ, చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీశారు. కోరికతో చేసే హింసకు ధమ్మంలో చోటు లేదు. బుద్ధుణ్ణీ కార్ల్ మార్క్స్‌నూ పోల్చిన వ్యాసంలో సింహ సేనాపతి ప్రశ్నను చర్చించారు. దోషిని శిక్షించవద్దని తథాగతుడు అనలేదు. కానీ నిర్దోషిని కాపాడాలన్నాడు. శాంతి మార్గాలన్నీ వాడి చూశాకే న్యాయం కోసం పోరాడాలన్నాడు.

బాబాసాహెబ్ తానే 1942 జూలై నుంచి వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యులుగా పనిచేశారు. నాజీలను ఓడించాలనే అన్నారు. కాబట్టి ఆయన యుద్ధం అనే మాట వింటేనే వెనకడుగు వేసినవారు కాదు. అటువంటి మనిషి ఇచ్చిన కొలత ఇది. మూడు ప్రశ్నలుగా గుర్తుపెట్టుకుందాం.

మొదటిది: మాట్లాడి తేల్చుకునే దారులన్నీ నిజంగా అయిపోయాయా?
రెండోది: దెబ్బ తగిలేది దోషికేనా, నిర్దోషికి రక్షణ ఉందా?
మూడోది: మన మనసులో ఉన్నది అవసరమా, లేక చంపాలనే కోరికా?

సైనిక స్థావరం మీద దాడి ఈ మూడింటిలో నెగ్గవచ్చు, ఓడవచ్చు, ఆ సందర్భాన్ని బట్టి చూడాల. నగరం మీద కావాలని వేసే బాంబు మాత్రం రెండో ప్రశ్న దగ్గరే ఓడిపోతుంది.

సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణం కూడా ఇక్కడ తలుచుకోవాల. బాబాసాహెబ్ చెప్పిన ప్రకారం అది ముసలితనాన్ని, శవాన్ని చూసి కాదు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు తగాదా వచ్చింది. శాక్య సంఘం యుద్ధం అంది. సిద్ధార్థుడు లేచి, ఇరువైపుల మనుషులతో మధ్యవర్తులను పెట్టి తేల్చుకుందాం అన్నాడు. ఓట్లలో ఓడిపోయాడు. అయినా ఆయుధం పట్టనన్నాడు, దేశం విడిచాడు. జూపాడు బంగ్లా మండలంలో ఉన్నవాళ్లకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పోతిరెడ్డిపాడు మన పక్కనే ఉంది. కృష్ణా నీళ్ల మాట వస్తే ఇరువైపుల ఎంత వేడి పుడుతుందో తెలుసు. ఆ వేడిలో కూడా 'కూర్చుని మాట్లాడదాం' అనగలిగినవాడే సిద్ధార్థుని దారిలో ఉన్నట్టు.

5. ఎర్రగుడి బండ మీద ఉన్న లెక్క

2022లో నంద్యాల జిల్లా విడిపోక ముందు మనదంతా ఒకే కర్నూలు జిల్లా. ఆ జిల్లాలోనే జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. వాటిలో కళింగ యుద్ధం గురించి చెప్పే పదమూడో శాసనం కూడా ఉంది. లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, లక్షమంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని అందులో ఉంది.

అసలు విశేషం దాని తర్వాత ఉంది. ఆయుధం పట్టని గృహస్థులు, పెద్దలకు సేవ చేసేవాళ్లు, సేవకులను ప్రేమగా చూసుకునేవాళ్లు, వాళ్లకు కలిగిన నష్టాన్ని అశోకుడు లెక్కలోకి తీసుకున్నాడు. తనకు దెబ్బ తగలకపోయినా తనవాళ్లు పోయినందుకు ఏడ్చేవాని బాధ కూడా హింసే అన్నాడు. గెలిచిన రాజు, ఓడినవాళ్ల కన్నీళ్లకు లెక్క రాయించాడు. ఇప్పటి ప్రభుత్వాలు ఎంతమంది సైనికులు, ఎన్ని విమానాలు అని లెక్క చెబుతాయి. ఎర్రగుడి లెక్క అంతకంటే పెద్దది.

6. వచ్చే ప్రశ్నలు

ప్రశ్న: వాళ్లు ముందు మన మీద వేశారు కదన్నా. మనం ఊరికే ఉండల్లా?
జవాబు: వేసినవాన్ని పట్టుకోవాల, ఆపాల, శిక్షించాల. వేయనివాన్ని చంపితే అది శిక్ష కాదు. చుండూరు బాధితులు ఎదుటి కులం ఇళ్లు కాల్చలేదు. తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. న్యాయం దక్కలేదని గుండె మండుతుంది. అయినా వాళ్లు అడిగింది దోషులను, ఊరిని కాదు. అది మన ఉద్యమ గౌరవం.

ప్రశ్న: హిరోషిమా వల్లే కదా యుద్ధం తొందరగా ముగిసింది?
జవాబు: అది ఒక వాదన. రష్యా 1945 ఆగస్టు 8న జపాన్ మీద యుద్ధం ప్రకటించడం కూడా పెద్ద కారణమని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ వాదన ఎట్లున్నా, పెద్ద మేలు కోసం కొందరు నిర్దోషులను బలి ఇవ్వవచ్చు అని ఒప్పుకుంటే, ఆ 'కొందరు' ఎవరో తేల్చేది బలవంతులే. వాళ్ల పట్టికలో మన పేరు ఎప్పుడూ ముందుంటుంది.

ప్రశ్న: జపాన్ బౌద్ధ దేశం కదా, మరి వాళ్లెందుకు బాంబులు వేశారు?
జవాబు: ఇది మనం తప్పించుకోకూడని ప్రశ్న. ఆ యుద్ధకాలంలో జపాన్‌లోని చాలా బౌద్ధ శాఖలు సైన్యాన్ని సమర్థించాయి. 1992లో సోటో శాఖ అందుకు బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించింది. బుద్ధుని బొమ్మ ఇంట్లో ఉన్నంత మాత్రాన శీలం నిలవదు. దేశభక్తి పేరుతో చంపాలనే కోరిక లోపలికి వస్తే ఏ విహారమూ దాన్ని ఆపలేదు. ఆపాల్సింది ఉపాసకుడే.

7. ఆచరణ

యుద్ధాన్ని ఆపే అధికారం మన చేతుల్లో లేదు. కానీ నాలుగు పనులు మన చేతుల్లో ఉన్నాయి. శత్రుదేశపు పట్టణం కాలిపోయిందనే వీడియో ఫోన్‌లోకి వస్తే ఇంకొకరికి పంపకండి. సగం సార్లు అది నిజమే కాదు. పిల్లల ముందర ఒక జాతి మొత్తాన్ని తిట్టకండి. సరిహద్దులో పోయిన జవాను ఇంటికి వెళ్లండి, వాళ్లకు అండగా నిలబడండి. మైత్రీ భావన చేసేటప్పుడు మనవాళ్ల పేర్లతో ఆపకుండా, అవతలి పట్టణంలో సైరన్ విని పిల్లలను గుండెకు హత్తుకునే తల్లిని కూడా తలుచుకోండి. సకల జీవుల మీద కరుణ చూపుతామని 22 ప్రతిజ్ఞల్లో చెప్పాం. అందులో సరిహద్దు గీత లేదు.

చర్చకు ప్రశ్నలు

1. ఒకరి తప్పుకు వాడ మొత్తాన్ని శిక్షించిన సంఘటన మీ ఊళ్లో జరిగిందా? అప్పుడు పక్క ఊరివాళ్లు ఏం చేసి ఉండాల్సింది?
2. 'అవసరం', 'కోరిక' – మన కోపంలో ఏది ఎంత ఉందో ఎట్లా గుర్తుపట్టాల?
3. శాక్య సంఘంలో ఓడిపోయాక సిద్ధార్థుడు చేసినట్టు, అందరూ ఒకవైపు ఉన్నప్పుడు కాదని చెప్పడానికి మనకు ఏం కావాల?

ఇంట్లో అందరూ కలిసి చదవండి. వచ్చే వందనంలో మాట్లాడుకుందాం.

జై భీమ్. నమో బుద్ధాయ.