పొద్దు గూకినాక కరెంటెట్లా?

ప్రశ్న: మా పక్క ఎటు చూసినా సోలార్ పలకలు, గాలిమరలే. ఇక ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషన్ (ఆర్‌టీపీపీ) మూసేసినా కరెంటు నిలకడగా వస్తుందా?
– ఒక రైతు, జమ్మలమడుగు

జవాబు: ఇప్పటికిప్పుడు మూస్తే రాదు. నిల్వ పెరిగేకొద్దీ బొగ్గు వాడకం తగ్గించుకుంటూ పోవచ్చు.

ఆర్‌టీపీపీ సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గుంటే రాత్రీ పగలూ నడుస్తుంది. పాణ్యం దగ్గరి కర్నూలు సోలార్ పార్కుది 1,000 మెగావాట్లు. కానీ రాత్రినీ మబ్బునీ లెక్కేస్తే, ఏడాది సగటు ఉత్పత్తి అందులో సుమారు నాలుగో వంతే. గాలిమరలు నైరుతి రుతుపవనాల నెలల్లో జోరుగా తిరుగుతాయి, తర్వాత నెమ్మదిస్తాయి. అసలు చిక్కు సాయంత్రమే: ఇళ్లల్లో దీపాలు వెలిగే వేళకు సోలార్ సున్నా.

అందుకు విరుగుడు పిన్నాపురంలో ఉంది. అక్కడ గ్రీన్‌కో సంస్థ చేపట్టిన పంప్డ్ స్టోరేజీ కేంద్రం సామర్థ్యం 1,680 మెగావాట్లు. మిగులు కరెంటుతో నీళ్లను పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఆ నీళ్లే మళ్లీ మళ్లీ తిరుగుతాయి కాబట్టి కరువు సీమకు ఈ పద్ధతి నప్పుతుంది. అయితే ఇలాంటి కేంద్రాల్లో తోడటానికి 100 యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేది 75–80.

ఈ నిల్వ కొన్ని గంటలకే. వరసగా నాలుగు రోజులు ముసురుపట్టి గాలి కూడా పడిపోతే, బయటి రాష్ట్రాల కరెంటో బొగ్గో ఆదుకోవాలి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసింది గనుక ఆ ఆసరా ఉంది.

మీ వంతుగా మోటారు పగటిపూటే వేయండి. ఎండ కరెంటు ఎండలోనే వాడుకుంటే నిల్వ ఖర్చే ఉండదు.