సంగీత శిక్షణమును విద్యార్థుల చదువును

పదవ తరగతి పరీక్షలు సమీపించినపుడెల్ల సంగీతపు పీరియడును తీసివేసి ఆ కాలమును గణితమునకో విజ్ఞానశాస్త్రమునకో ఇయ్యవలెనను మాట పుట్టుచుండును. "పాట పాడినందున మార్కులు వచ్చునా?" యని తలిదండ్రు లడుగుదురు. ఈ యడుగుటలో తప్పు లేదు. కూలికి పోయి బిడ్డను చదివించువానికి బడిలోని ప్రతి గంటయు విలువ గలదే. అయితే ఈ ప్రశ్నకు ఒక్క మాటతో ఉత్తర మిచ్చువారు, వారు సంగీతమును మెచ్చువారైనను మెచ్చనివారైనను, విషయమును తూచి చూచినవారు కారని మా యభిప్రాయము.

మొదట మన సీమలో జరిగిన సంగతి యొకటి. అనిబిసెంటమ్మగారు మదనపల్లెలో 1915వ సంవత్సరమున నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరి నెలాఖరున రవీంద్రనాథ ఠాకూరుగారు విచ్చేసి కొన్ని దినములు విశ్రమించిరి. అప్పుడు జేమ్సు కజిన్సుగారు అచ్చట ప్రిన్సిపాలు. వారి సతీమణి మార్గరెట్టు కజిన్సుగారు ఐర్లండు దేశస్థురాలు. డబ్లినులో సంగీతమభ్యసించి పట్టము పొందిన విదుషి. ఒకనాటి రాత్రి ఠాకూరుగారు విద్యార్థుల యెదుట జనగణమన గీతమును పాడి వినిపించిరి. ఆ గీతము 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడినది. మదనపల్లెలో దానికి 1919 ఫిబ్రవరి 28వ తేదీన కవిగారి స్వహస్తముతో ఆంగ్లానువాదమును, మార్గరెట్టమ్మగారి పూనికతో స్వరలిపియు నేర్పడినవి. కళాశాల విద్యార్థులు దానిని తమ ప్రార్థనాగీతముగ స్వీకరించిరి. 1950 జనవరి 24వ తేదీన నది జాతీయగీత మాయెను. విద్యార్థులు చెవితో విని పాడగల పాటను స్వరములుగ విడదీసి కాగితముపై నిలుపుటకు శిక్షణ పొందిన వ్యక్తి కావలసివచ్చినది. పాఠశాలలో సంగీతము తెలిసినవారొక రుండుటచే నేమి ప్రయోజనమని యడుగువారికి ఈ యుదాహరణ మొకటి చాలును.

అయినను మార్కుల ప్రశ్న మిగిలియే యున్నది. దానిని గూర్చి పాశ్చాత్య దేశములలో ముప్పది యేండ్లకు పైగా పరిశోధనలు జరిగినవి. 1993లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 36 మంది కళాశాల విద్యార్థులు మొజార్టను విద్వాంసుని వాద్యకృతిని పది నిమిషములు వినిన పిమ్మట, ఆకారములను మనస్సులో మడిచి త్రిప్పి చూచు ఒక విధమైన పరీక్షలో కొంత మెరుగుగ వ్రాసిరి. ఆ మెరుగు పావుగంటలో మాసిపోయినది. లోకము మాత్రము దానిని పట్టుకొని, సంగీతము వినిన బిడ్డకు బుద్ధి పెరుగునని చాటినది. 1998లో జార్జియా రాష్ట్రపు గవర్నరు పుట్టిన ప్రతి శిశువునకును సంగీతపు పలక నిప్పింపవలెనని ధనము గోరెను! వినుట వేరు, నేర్చుట వేరు. కూర్చుండి వినినంత మాత్రమున చదువు వచ్చునేని కల్యాణమండపముల ప్రక్క నివసించువా రందరును పండితులు కావలసియుండెను.

నేర్చుటను గూర్చిన పరిశోధనలే మనకు కావలసినవి. కెనడా దేశమున టొరాంటో నగరమందు ఆరేండ్ల పిల్లలను 144 మందిని చీట్లు వేసినట్లు నాలుగు జట్లుగ విభజించి, ఒక జట్టునకు వాద్యమును, ఒక జట్టునకు గాత్రమును, ఒక జట్టునకు నాటకమును 36 వారములు నేర్పిరి. నాలుగవ జట్టునకు ఏమియు నేర్పలేదు. 2004లో ప్రకటింపబడిన ఫలితమిది: బుద్ధిపరీక్షలో సంగీతపు జట్ల పిల్లలు సగటున 7 అంకములును, తక్కినవారు 4 అంకములకు కొంచెము పైగాను వృద్ధి పొందిరి. భేదము గలదు, గాని స్వల్పము. ఆ దేశమందే బ్రిటిషు కొలంబియా ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు లక్షమందికి పైగా వ్రాసిన పరీక్షలను పరిశీలించి 2019లో ప్రకటించిన గ్రంథములో, సంగీతము, ముఖ్యముగ వాద్యము, అభ్యసించినవారు ఆంగ్లమున, గణితమున, విజ్ఞానశాస్త్రమున మెరుగుగ నుండిరని తేలినది. పూర్వపు మార్కులను, కుటుంబస్థితిని లెక్కకు తెచ్చిన పిమ్మటను ఆ భేదము నిలిచెను. ఇది చదివి మనము పొంగిపోరాదు. పట్టుదల గల పిల్లలే వాద్యమును విడువక నేర్చుచుందురేమో. అట్లయిన మార్కులకు కారణము వాద్యమా, పట్టుదలయా? 54 పరిశోధనలను, సుమారు 7,000 మంది పిల్లల ఫలితములను కలిపి 2020లో ఇద్దరు విద్వాంసులు పరిశీలింపగా, పరీక్ష యెంత కట్టుదిట్టముగ జరిగినదో ఫలిత మంత సన్నగిల్లి, దాదాపు సున్న యైనట్లు కనుగొనిరి. కావున సంగీతము నేర్పిన మార్కులు పెరుగునని తలిదండ్రులకు మాట యిచ్చుట మాకు సమ్మతము కాదు. సంగీతమునకు కేటాయించిన కాలముచే చదువు చెడినదని చూపిన నిదర్శనమును మాకు కానరాలేదు.

ఇక సంగీతములో నున్న చదువును చూతము. మన కర్ణాటక సంగీత పాఠక్రమమును పదునారవ శతాబ్దివాడగు పురందరదాసు ఏర్పరచెనని పెద్దలు చెప్పుదురు. సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు మాయామాళవగౌళ రాగమున నేర్పబడును. అలంకారములలో సప్త తాళములు వచ్చును. రూపకమునకు 6 అక్షరములు, ఝంపెకు 10, త్రిపుటకు 7, అటతాళమునకు 14. ఒక్కొక్క దానిని మూడు కాలములలో పాడవలెను: మొదటి కాలమున అక్షరమునకు ఒక స్వరము, రెండవ కాలమున రెండు, మూడవ కాలమున నాలుగు. చేయి మాత్రము ఒకే వేగమున కదలవలెను. పాతిక యనగా నేమో పలకమీద ఎన్నిమారులు చెప్పినను పట్టుబడని బాలునికి అది యిచ్చట అరచేతిలో తగులును. మరియొకటి: ఏడక్షరముల స్వరముల మెట్టును ఎనిమిదక్షరముల ఆదితాళములో మరల మరల పాడుచు పోయిన, రెండును ఎప్పుడు కలిసివచ్చును? 56వ యక్షరము ముగిసినపుడు. మెట్టు ఎనిమిది మారులు, తాళము ఏడు ఆవర్తములు. ఇది క.సా.గు. లెక్కయే కదా!

పై తరగతివారికి మేళకర్త రాగములు గలవు. రిషభ గాంధారముల జతలు ఆరు, ధైవత నిషాదముల జతలు ఆరు, మధ్యమములు రెండు. ఆరును ఆరుతోను మరల రెండుతోను గుణింపగా 72. పదునేడవ శతాబ్దిలో వేంకటమఖి ఈ పద్ధతిని గ్రంథస్థము చేసెను. రాగము పేరులోని మొదటి రెండక్షరములకు కటపయాది సూత్రముచే అంకెలు గట్టి తిరుగవేసిన దాని సంఖ్య వచ్చును. మాయామాళవగౌళలో మా యనగా 5, యా యనగా 1; త్రిప్పగా 15. ధీరశంకరాభరణములో ధీ 9, రా 2, త్రిప్పగా 29. పిల్లలకు దీనిని బోధించిన పిమ్మట వారు తమంత తామే తక్కిన పేర్లను లెక్కింప మొదలుపెట్టుదురు.

భాషాపాఠమునకును ఇట్టి సాయము గలదు. పద్యమును రాగముతో చదువువాడు యతిస్థానమున ఆగును, గురువును గురువుగ, లఘువును లఘువుగ పలుకును. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరిగారు రచించిన కీర్తనలు మన రాగతాళములలో నుండుటచేతనే, అక్షరము రానివారును వాటిని తప్పులేక నోటికి నేర్చుకొనిరి.

చిత్తూరు సీమ పల్లెలలో భారత ఉత్సవములు జరుగు పదునెనిమిది దినములును పగలు హరికథ, రాత్రి వీధినాటకము. చెక్కభజన గురువు అడుగు తప్పిన వానిని నిలిపి మరల మొదటినుండి వేయించును. ఆ పిల్లవాడు బడికి వచ్చునప్పటికే అతనికి తాళజ్ఞానము గలదు. అతనిని "వెనుకబడినవాడు" అని వ్రాయుటకు ముందు ఆ జ్ఞానమును అడిగి తెలిసికొనుట ఉపాధ్యాయుని విధి.

మాకు భయము గొల్పు సంగతి వేరొకటి గలదు. ధనము గల యింటి బిడ్డ పాఠశాలలో సంగీతము లేకున్నను సాయంకాలము వేరొకచోట నేర్చుకొనును. తిరుపతిలో దేవస్థానమువారి సంగీత నృత్య కళాశాల గలదు. గాని కుప్పము ప్రాంతపు కూలివాని కుమార్తె దినదినము అచ్చటికి పోజాలదు. ఆమెకు బడిలోని ఆ ముప్పావుగంటయే సంగీతము. దానిని మనము తీసివేసిన, ఇతరులకు తగ్గునది కొంచెము, ఆమెకు పోవునది సర్వము. ప్రభుత్వ పాఠశాలలలోను, మన బడివంటి వానిలోను సంగీతము నిలువవలెనని మేము కోరుటకు మార్కులకంటె ఇదియే బలమైన కారణము. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానమును కళలను పాఠ్యేతరములని వేరుపెట్టరాదని చెప్పుచున్నది.

హార్మోనియము, తబల లేకున్నను పని సాగును. ఒక శ్రుతిపెట్టెయు, పిల్లల చేతులును చాలును. పదవ తరగతివారికి పరీక్షల ముందు మూడు నెలలు పీరియడును పూర్తిగ తీసివేయక, ఉదయ ప్రార్థన తరువాత ఇరువది నిమిషములుగ కుదింపవచ్చును. మిగిలిన కాలమును గణితోపాధ్యాయులు తీసికొనవచ్చును. ఎనిమిది, తొమ్మిది తరగతుల పీరియడును మాత్రము ఏ ప్రత్యేక తరగతి కొరకును ముట్టరాదు.