వినగల చెవియే వేదనపడునప్పుడు

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 7:31–37, 1 రాజులు 19:9–13, కీర్తన 94:9, 2 కొరింథీయులకు 12:7–9

యేసు ప్రభువు దెకపొలి ప్రాంతములో నుండగా, మాట సరిగా రాని ఒక చెవిటివానిని జనులు ఆయన యొద్దకు తోడుకొని వచ్చిరి. ప్రభువు వానిని అక్కడికక్కడే స్వస్థపరచలేదు. మొదట వానిని జనసమూహములోనుండి ఏకాంతమునకు కొనిపోయెను. ఆ తరువాతనే వాని చెవులను ముట్టెను. ఆకాశము వైపు చూచి నిట్టూర్చెను. చెవులు తెరువబడునట్లు ఒక్క అరామిక్కు మాట పలికెను. మన ప్రసంగములలో ఆ మాటను గూర్చి విస్తారముగా చెప్పుకొందుము గాని, దానికి ముందు జరిగిన కార్యమును తరచుగా దాటిపోవుదుము.

ఈ పాఠములో ఆ మొదటి కార్యమునే ధ్యానింతము. ఏలయనగా మన సంఘములలో చెవులు మూయబడినవారు మాత్రమే కాక, చెవులు మితిమీరి తెరువబడినవారును కలరు. తెరువబడుమను మాట వీరికి కావలసినది కాదు. జనసమూహపు శబ్దమునుండి ప్రక్కకు తీసికొనిపోవు చెయ్యి వీరికి కావలెను.

1. పరీక్ష చెప్పునది, చెప్పనిది

కొందరికి అనుదిన శబ్దములే భరింపరానివగును. స్టీలు గిన్నె నేలపై పడినను, ప్రెషర్ కుక్కరు కూత వేసినను, వీధిలో హారను మ్రోగినను చెవిలో సూది గ్రుచ్చినట్లు పోటు కలుగును. వైద్యులు దీనిని హైపరాక్యూసిస్ అందురు. బయట ఏ ధ్వనియు లేకున్నను చెవిలో ఈలగానో హోరుగానో వినబడుదానిని టిన్నిటస్ అందురు. ఈ రెండును ఒకే మనుష్యునిలో కూడియుండుట అరుదు కాదు.

అట్టివారు వినికిడి పరీక్షకు వెళ్లినప్పుడు ఫలితము సరిగానే యుండవచ్చును. సాధారణ ఆడియోగ్రాము 250 మొదలుకొని 8000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులలో మనము వినగలిగిన అతిస్వల్ప ధ్వని యెంతయో కొలుచును. ఏ ధ్వని నొప్పించునో అది కొలువదు. కావున పరీక్ష అబద్ధమాడలేదు. దానిని అడిగిన ప్రశ్న వేరు. 2009వ సంవత్సరములో కుజావా, లిబర్మన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో, గొప్ప శబ్దము తగిలిన తరువాత వినికిడి తిరిగి మామూలు స్థితికి వచ్చినను, లోచెవికిని నరములకును నడుమ గల సంధులు అనేకము శాశ్వతముగా నశించినట్లు కనుగొనిరి. మానవులలో ఈ నష్టము ఎంతవరకు కారణమగునో ఇంకను పరిశోధింపబడుచున్నది. అయినను, సరియైన ఫలితము వెనుక కనబడని గాయముండవచ్చునని ఇది మనకు బోధించుచున్నది.

మరియొక సంగతి గమనింపుడి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అను వైద్య పరిశోధకులు చక్కని వినికిడిగల 80 మందిని శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టగా, వారిలో నూటికి 94 మంది ఏదో యొక ధ్వని వినబడినదని చెప్పిరి. కావున చెవిలో ధ్వని వినబడుట పిచ్చి కాదు, దయ్యపు పని కాదు, అవిశ్వాసము అంతకంటె కాదు.

2. వరండాలో ఒక ఆదివారము

ఈ సంగతిని నేను పుస్తకముల వలన మాత్రమే ఎరిగినవాడను కాను. కొన్ని సంవత్సరముల క్రిందట నా కుడి చెవిలో సన్నని ఈల వంటి ధ్వని మొదలై నేటివరకు ఆగలేదు. పిమ్మట ఆరాధనలో తాళములు మ్రోగినప్పుడెల్ల చెవిపోటు వచ్చి సాయంకాలము వరకు నిలుచుచుండెను. పరీక్షాపత్రమును చూచిన వైద్యుడు నాకేమియు లేదనెను. సంఘపెద్ద యొకడు, “అయ్యగారూ, దేవుని స్తుతి మీకు నొప్పి కలిగించుచున్నదనిన మీ అంతరంగమును పరీక్షించుకొనవలెను” అనెను. వైద్యుని మాటకు సిగ్గుపడితిని. పెద్ద మాటకు భయపడితిని. జీవితమంతయు వాక్యానువాదమునకు వెచ్చించిన నేను ప్రభువు మందిరమునకు వెలియగుదునా యని రాత్రులు నిద్రలేక గడిపితిని.

ఒక ఆదివారము రెండవ పాట మొదలుకాగానే లేచి వరండాలో కూర్చుంటిని. ప్రభురాత్రి భోజన సమయమున వృద్ధుడైన పరిచారకుడొకడు రొట్టెను పాత్రను నాయొద్దకు తెచ్చెను. పళ్లెము మూత చప్పుడు చేయకుండునట్లు దానిని తన కండువాలో చుట్టి తెచ్చెను. కారణమడుగలేదు, బుద్ధి చెప్పలేదు. ఆ దినమున మార్కు 7:33 నాకు క్రొత్తగా అర్థమాయెను.

3. వాక్యము మనకు నేర్పునది

కీర్తన 94:9లో దేవుడు చెవిని కలుగజేసిన విధమును తెలుపు హెబ్రీ క్రియకు ‘నాటుట’ అని అర్థము. చెట్టును నాటుటకును ఆ క్రియయే వాడబడును. నాటినవాడు తన మొక్క వాడినప్పుడు ఎరుగకుండునా?

1 సమూయేలు 3:11లో తీర్పువార్త విన్నవారి చెవులు మారుమ్రోగునని తెలుపు ధాతువు ‘త్సాలల్’. కీర్తన 150లో తాళములకు గల హెబ్రీ పేరు ఈ ధాతువునుండియే పుట్టినది. తెలుగులో మనము రెండు వేరు మాటలు వాడక తప్పదు గనుక ఈ బంధుత్వము పాఠకునికి కనబడదు. ఒకే మ్రోత ఒకనికి స్తుతియు మరియొకని చెవికి కలవరమును కావచ్చునని భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. అయితే చెవి మ్రోగిన ప్రతివానిపై తీర్పు వచ్చినదని ఈ వచనమునుండి తీయరాదు. అచ్చట చెప్పబడినది ఏలీ యింటివారిని గూర్చి.

హోరేబులో అలసిన ఏలీయాకు పెనుగాలి, భూకంపము, అగ్ని ఎదురైనవి. యెహోవా వాటిలో లేడు. తరువాత వచ్చినదానిని హెబ్రీ మూలము మూడు మాటలలో చెప్పుచున్నది: ‘కోల్’ అనగా ధ్వని, ‘దెమామా’ అనగా నిశ్శబ్దము, ‘దక్కా’ అనగా సన్ననిది. అనువాదకునికి ఇది కఠిన స్థలము. నిశ్శబ్దమునకు ధ్వని యెట్లుండును? కాని దేవుడు తన సేవకుని బలమునకు తగినట్లు తన స్వరమును తగ్గించెనని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఈ వేదనను ఎరిగిన గొప్ప అనువాదకుడు మార్టిన్ లూథరు. 1527 జూలైలో అతనికి వచ్చిన తీవ్రమైన జబ్బు చెవిలో హోరుతో ఆరంభమాయెను. 1530లో కోబర్గు కోటలో నుండగా తలలో ఉరుము వంటి ధ్వని వలన కొన్ని దినములు చదువను వ్రాయను లేకపోయెను. అదే కోటలో 118వ కీర్తనకు వ్యాఖ్యానము వ్రాసెను. ప్రవక్తల గ్రంథముల అనువాదమును కొనసాగించెను. జర్మను భాషలో సంపూర్ణ బైబిలు 1534లో వెలువడెను. హోరు ఆగిన తరువాత పని చేయుదునని అతడు కాచుకొనియుండలేదు. చేయలేని దినములలో పని నిలిపినందుకు అతనిని అవిశ్వాసి యనువాడెవడు?

4. సంఘము చేయవలసినది

మద్రాసులోని ఒక సంఘముయొక్క ధ్వనివర్ధకములను, వాద్యములను గూర్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న తీర్పునిచ్చుచు, ఇతరుల శాంతికి భంగము కలిగించి ప్రార్థింపవలెనని ఏ మతమును విధింపదని తెలిపెను. అదే సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితి నిర్ణయించినవి. పొరుగువాని కొరకు న్యాయస్థానము అడిగినదానిని సహోదరుని కొరకు ప్రేమ అడుగకూడదా?

బాధపడువాని మాట నమ్ముడి. స్పీకరునకు దూరముగా, ద్వారమునకు దగ్గరగా అతనికి చోటియ్యుడి. తాళములు, డ్రమ్ములు ఎప్పుడు మ్రోగునో ముందుగా తెలుపుడి. బయటికి వెళ్లినవానిని వెలివేసినట్లు చూడకుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో కూర్చుండినంత కాలము మంచి స్నేహితులుగానే యుండిరి.

5. బాధపడువాడు చేయవలసినది

చెవి వైద్యునికి చూపించుకొనుడి. వినికిడి హఠాత్తుగా తగ్గినను, హోరు నాడితోపాటు కొట్టుకొనుచున్నను, ఒక చెవిలోనే నిలిచినను ఆలస్యము చేయకుడి. హఠాత్తుగా తగ్గినయెడల ఆ దినమే వెళ్లుడి. గొప్ప శబ్దములున్నచోట చెవిబిరడాలు వాడుడి గాని, దినమంతయు పెట్టుకొనకుడి. చెవికి ధ్వని బొత్తిగా అందనప్పుడు దాని సున్నితత్వము హెచ్చవచ్చును. నిపుణుని సలహాతో మెల్లని ధ్వనులకు కొద్దికొద్దిగా అలవాటుపడుట కొందరికి మేలు చేసినది. నొప్పి పెరిగినయెడల వేగము తగ్గింపుడి. ఆలోచనా విధానమును సరిదిద్దు మానసిక చికిత్స హోరును ఆర్పకపోయినను, దాని వలని దుఃఖమును తగ్గించును. దాని కొరకు వెళ్లుట సిగ్గు కాదు.

పౌలు ముమ్మారు వేడుకొనినను అతని ముల్లు తీయబడలేదు. చాలినంత కృప ఇయ్యబడెను. నా చెవిలోని ఈల ఈ వాక్యము వ్రాయుచుండగను వినబడుచున్నది. స్వస్థత మాట నాకింకను రాలేదు. అయితే జనసమూహములోనుండి ఏకాంతమునకు తీసికొనిపోయిన ప్రభువు చేతిని, వరండాలో, కండువా చుట్టిన పళ్లెము పట్టుకొన్న వృద్ధుని చేతిలో చూచితిని. ఆ మొదటి కార్యము చేయుటకు ఏ సంఘమునకును అద్భుతశక్తి అక్కరలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఆరాధనలోని శబ్దము వలన దూరమైనవారు ఎవరైనను కలరా? వారిని కలిసికొని అడిగితిమా?
2. కనబడని బాధను గూర్చి చెప్పినవానికి మనము మొదట ఇచ్చు జవాబు ఏది?
3. 1 రాజులు 19లో దేవుడు ఏలీయా అలసటను ఏయే విధములుగా లెక్కలోనికి తీసికొనెను?

ప్రార్థన

చెవిని నాటిన దేవా, నిట్టూర్చువారి నిట్టూర్పు నీవు వినుచున్నావు. నొప్పిచేత వెలుపల కూర్చున్నవారిని నీ బల్లకు దూరము చేయకుము. మా పాటలలో ప్రేమను, మా మౌనములో కనికరమును ఉంచుము. క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.