రాత్రివేళ మాట వినెడి విద్యార్థులు

మన పాఠశాలలలో చదువు ముగించినవారు ఏటేట కొందరు పై చదువులకై ఊరు విడిచి పోవుచున్నారు. అంతవరకు తెలుగున పాఠములు విని, ఇంట తెలుగున మాటలాడి, బజారున మాత్రము ఈ రాష్ట్రపు భాషను వాడిన పిల్లలకు, అచ్చట తరగతిలో ఒక భాషయు, వసతిగృహమున వేరొక భాషయు ఎదురగును. పెట్టె సర్దునపుడు మనము ఊరగాయ జాడీని, దుప్పటిని, ధ్రువపత్రముల నకళ్లను మరువక పెట్టుదుము. మనస్సు క్రుంగిన రాత్రి ఎవరితో మాటలాడవలెనో చెప్పి పంపుట మాత్రము అరుదు. ఈ కొరతను కొన్ని విశ్వవిద్యాలయములలో విద్యార్థులే పూనుకొని ఎట్లు తీర్చుకొనిరో ఈ పాఠమున తెలిసికొందము.

ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున కాల్‌చెస్టరు అను ప్రాచీన పట్టణము కలదు. దాని చెంత ఎసెక్సు విశ్వవిద్యాలయము వెలసినది. తొలి విద్యార్థులు 1964లో చేరిరి. పట్టణమునకు వెలుపల, విశాలమైన ఉద్యానవనమున కట్టిన విద్యాలయమది. విద్యార్థుల నివాసమునకై ఎత్తైన మేడలు నిర్మించిరి. పగటివేళ తరగతులు, గ్రంథాలయము, స్నేహితులు ఉందురు. రాత్రి అయినంతనే కార్యాలయములు మూతపడును, అధ్యాపకులు ఇండ్లకు పోవుదురు, మేడమీది గదిలో విద్యార్థి ఒంటరియగును. దుఃఖము కార్యాలయపు వేళలను పాటింపదు గదా! 1970లో అచ్చట విద్యార్థులు తోడి విద్యార్థులకై నడుపు రాత్రి టెలిఫోను సేవ యొకటి మొదలైనది. దానికి ‘నైట్‌లైన్’ అని పేరు. ఆ పద్ధతి తరువాత బ్రిటనునందును ఐర్లండునందును గల అనేక విశ్వవిద్యాలయములకు వ్యాపించి నేటికిని సాగుచున్నది.

దాని నడక సులభముగనే బోధపడును. విద్యాసంవత్సరము జరుగు దినములలో, రాత్రివేళ, శిక్షణ పొందిన విద్యార్థులు ఒక గదిలో టెలిఫోను దగ్గర కూర్చుందురు. పిలిచినవారు తమ పేరు చెప్పనక్కరలేదు. వినువారును తమ పేరు చెప్పరు. చాలచోట్ల వారు తాము ఈ పని చేయుచున్నామని స్నేహితులకు సైతము తెలియనీయరు. రాత్రి తన దుఃఖమును చెప్పుకొన్న మనిషి మరునాడు భోజనశాలలో అదే బల్ల దగ్గర కూర్చుండవచ్చును. ఒకరినొకరు గుర్తించినచో ఇకముందు పిలిచెడివారుండరు. పిలిచెడివారందరును గొప్ప ఆపదలోనివారు కారు. ఇంటిమీద బెంగ గలవారు, పరీక్షకు భయపడువారు, గదిలోని తోడివానితో తగవు పడినవారు, ఊరక మనిషి గొంతు వినగోరువారు కూడ పిలుతురు. రాత్రి తెరచియుండు వైద్యశాల ఎచ్చటనని అడుగువారును కలరు. వారికి ఆ సమాచారము నిత్తురు.

ఈ సేవకు గల ముఖ్యనియమము మొదట వింతగా తోచును. వినువారు సలహా చెప్పరాదు, తీర్పు చెప్పరాదు, పిలిచినవారి నిర్ణయమును వారికే విడువవలెను. ఆపదలోని వానికి సలహా చెప్పకుండుట నిర్దయ కాదా యని పెద్దలడుగవచ్చును. ఒక విద్యార్థి, “నాకీ చదువు వలదనిపించుచున్నది” అనెననుకొందము. మనము వెంటనే, “అందరికిని మొదట అట్లే ఉండును లే” అందుము. లేదా, “మీ నాన్న ఎంత శ్రమపడి పంపినాడో తలచుకో” అందుము. మొదటిది వాని బాధను చిన్నదిగా చేయును. రెండవది, వాడు ముందే మోయుచున్న బరువుపై మరొక రాతిని పెట్టును. ఆ తండ్రి శ్రమయే వానిని రాత్రి నిద్రపోనీయకుండ చేయుచున్నదేమో! ఇందులకు బదులుగా, “ఎన్నాళ్ళనుండి ఇట్లున్నది? ఏమి జరిగినది?” అని యడిగి ఊరకున్నచో, వాడు పది నిముషములలో అసలు మాటకు వచ్చును. అది చదువే కాకపోవచ్చును. తరగతిలో ఉచ్చారణను చూచి నవ్విన నవ్వు కావచ్చును.

ఈ సంగతిని నైట్‌లైనుకు పూర్వమే కనుగొన్నవాడు చాడ్ వారా అను క్రైస్తవ మతాచార్యుడు. 1935లో ఆయన తన యౌవనమున ఒక బాలిక అంత్యక్రియలు జరుపవలసి వచ్చెను. ఆమెకు పదునాలుగేండ్లు. వయస్సుతో శరీరమున కలిగిన సహజమైన మార్పును రోగమని భ్రమపడి, అడుగుటకు ఎవరును లేక ప్రాణము తీసికొనెను. 1953లో ఆయన లండను నగరమున తన చర్చిలో ఒక టెలిఫోను నుంచి, నిరాశ చెందినవారు పిలువవచ్చునని ప్రకటించెను. చాలమంది నేరుగనే వచ్చిరి. ఆయనకై వేచియుండువారికి తేనీరు ఇచ్చి పలుకరించుటకు కొందరు సామాన్యులు తోడ్పడిరి. కొంతకాలమునకు ఆయన ఒక విచిత్రమును గమనించెను. వేచియున్నవారిలో పలువురు తేనీరిచ్చినవారితో మాటలాడి, మనస్సు తేలికపడి, ఆచార్యుని చూడకయే వెడలిపోవుచుండిరి. 1954లో ఆయన ఆ పనిని వారికే అప్పగించెను. ‘సమారిటన్లు’ అను ప్రసిద్ధ సంస్థ అట్లు ఏర్పడినది. పెద్ద చదువు లేనివారు సైతము శ్రద్ధగా వినుటను అభ్యసింపగలరని దీనివలన తెలియుచున్నది.

అభ్యసింపవలెనను మాటను మేము నొక్కి చెప్పుచున్నాము. మంచి మనస్సు ఒక్కటే చాలదు. చావు మాట అడిగినచో ఆ తలంపును మనమే కలిగించినట్లగునని చాలమంది భయపడుదురు. అది సరికాదు. “చనిపోవలెనని అనిపించుచున్నదా?” అని మెల్లగా, సూటిగా అడుగుటవలన ఆ కోరిక క్రొత్తగా పుట్టదని పరిశోధనలు తెలిపినవి, తరచుగా అది ఊరటనే కలిగించును. ఔనన్నచో, వానిని ఒంటరిగా విడువక, వెంటనే పెద్దలకును వైద్యులకును తెలుపవలెను. రహస్యము కాపాడుట గొప్ప గుణమే గాని, స్నేహితుని ప్రాణము అపాయమున నున్నపుడు బడిపిల్లలు ఆ రహస్యమును తమలో దాచుకొనరాదు. వినువాడు వైద్యుడు కాడు. మానసిక రోగమునకు చికిత్స వైద్యునిదే. నైట్‌లైను విద్యార్థులు సైతము కష్టమైన పిలుపు విన్న తరువాత తమలో తాము మాటలాడుకొని ఆ భారమును దించుకొందురు.

రహస్యముగా గాక బహిరంగముగా సాగిన కృషియు కలదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ విద్యార్థిని ఆలిసన్ మాల్మన్ అన్న, కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుచు, మనోవ్యాధిని ఎవరికిని చెప్పక చాలకాలము దాచుకొని 2000 సంవత్సరమున మరణించెను. మరుసటి ఏడు ఆమె తన విద్యాలయములో విద్యార్థి సంఘము నొకదానిని స్థాపించెను. అదియే నేడు ‘ఆక్టివ్ మైండ్స్’ అను పేర వందలకొలది విద్యాలయములలో నున్నది. వారు 2008 మొదలు 1,100 పుస్తకపు సంచులను పచ్చికబయళ్లలో పరచి చూపుచు వచ్చిరి. ఆ దేశమున ఏటేట ఆత్మహత్యవలన మరణించు కళాశాల విద్యార్థులు ఇంచుమించు అంతమంది యని వారి లెక్క.

మన దేశమునను ఈ పని మొదలైనది. తెలంగాణములోని హైదరాబాదు ఐ.ఐ.టి.లో ‘సన్‌షైన్’ అను విభాగమున, వృత్తి నిపుణులకు తోడుగా, పై తరగతుల విద్యార్థులు క్రొత్తవారికి అండగా నుందురు. విశాఖపట్టణమునుండి వచ్చిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికిని మార్గసూత్రములు విధించినది. నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలు కనీసము ఒక అర్హుడైన సలహాదారుని నియమింపవలెనని వానిలో నొకటి. ప్రవేశపత్రము నింపునపుడు రుసుము ఎంతయని అడుగు తల్లిదండ్రులు ఆ సలహాదారుడెవరని కూడ అడుగవచ్చును. ఆదివారమునాటి టెలిఫోనులో, “తిన్నావా? మార్కులెన్ని?” అను రెండు ప్రశ్నలకు నడుమ మూడవదానికి చోటు చేయవచ్చును.

మనవారికి భాష మరియొక అడ్డంకి. పరాయిభాషలో పరీక్ష వ్రాయగలవాడు సైతము గుండెలోని గుబులును ఆ భాషలో చెప్పజాలడు. ‘దిగులు’, ‘బెంగ’, ‘విసుగు’ అను మూడింటికిని వానికచ్చట ఒకే మాట దొరకును. ఒకే వసతిగృహమున మన భాషవారు ఇద్దరున్నచో వారు ఒకరికొకరు ఈ సాయము చేయగలరు. అట్టివారు లేనిచో, భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవ కలదు. దాని సంఖ్య 14416. రాత్రింబవళ్లు, రుసుము లేక, ఇరువది భాషలలో నడచు ఆ సేవలో తెలుగును ఒకటి. పిలిచినవారు మొదట భాషను ఎంచుకొందురు. శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును. అవసరమైనచో మానసిక వైద్యునికి గాని, జిల్లాలోని ఆసుపత్రికి గాని పంపును.