‘అర్థమైందా?’ అని అడగడం మానేయండి

దెందులూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టినా కుర్రాళ్లకు కొదవుండదు. టీషర్టులు వేసుకుంటారు, బ్యానరు కడతారు, దాని ముందు ఫొటో దిగుతారు. పదకొండయ్యేసరికి సగం మంది మాయం. ఉన్నవాళ్లు డాక్టరుగారి కుర్చీ వెనకాలే తచ్చాడతారు, ఇంకో ఫొటోలో పడాలి కదా! సేవ చేస్తే వ్యక్తిత్వం పెరుగుతుందంటారు. ఊరికే ఏం పెరగదండీ. ఒళ్లు దగ్గర పెట్టుకోకపోతే పెరిగేది అహంకారమే.

ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే ఆ జబ్బు నాకూ ఉంది. ఎదుటి మనిషి మాట పూర్తిచేయకముందే నా జవాబు నాలుక చివర్న కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు “ముందు వినండి” అని విసుక్కోని రోజు లేదు. దాన్ని కాస్తో కూస్తో అదుపులో పెట్టింది కొల్లేటి లంకల్లో వైద్య శిబిరాలప్పుడు మందుల బల్ల దగ్గర పట్టుబడిన ఒకే ఒక్క అలవాటు.

మందులు చేతిలో పెట్టి “అర్థమైందా?” అని అడగకూడదు. అడిగితే ఎవరైనా తలే ఊపుతారు. పెద్దవాళ్లకు మొహమాటం, వెనక లైన్లో వాళ్లకు తొందర. దానికి బదులు, “మామ్మగారూ, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లాక మీ కోడలికి ఏమని చెప్తారు?” అనాలి. పరీక్ష మనకే తప్ప ఆవిడకు కాదని తెలియాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. అదే అసలు కష్టం. ఆవిడ తడుముకుంటుంటే అందించాలని నాకు ఇప్పటికీ నోరు దురదపెడుతుంది.

ఓసారి చేపల చెరువు కాపలా మనిషికి షుగరు బిళ్లలిచ్చాం. కవరు మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలు వేశాం. తిరిగి చెప్పమంటే, “పొద్దున తిని ఒకటేసుకుని పడుకుంటానండి. మళ్లీ సందేళ లేచాకే బువ్వ” అన్నాడు. ఆయనకు రాత్రంతా గట్టు మీదే పని. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలతాయేమోనని కాచుకుని కూర్చుంటాడు. బిళ్ల వేసుకుని పగలంతా ఏమీ తినకుండా పడుకుంటే షుగరు పడిపోవచ్చు. కవరు పట్టుకుని వెనక్కి వెళ్తే డాక్టరుగారు వేళలు మార్చి రాశారు. రెండు నిమిషాల పని. అడక్కపోతే ఆ బొమ్మలు చూసి మేం మురిసిపోయేవాళ్లం.

ఇది నా సొంత పైత్యం కాదు. వైద్యుడు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు అక్కడికక్కడే మర్చిపోతారనీ, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పేననీ 2003లో కెసెల్స్ అనే పరిశోధకుడు రాశాడు.

దూరం వెళ్లి సేవ చేసేవాళ్లకు ఈ అలవాటు మరీ అవసరం. ఈ రోజుల్లో మన పిల్లలు కొందరు ఆఫ్రికా దేశాలకు వైద్య సేవకు వెళ్తామంటున్నారు. మంచిదే, వెళ్లండి. కానీ ఒకప్పుడు అలా వచ్చినవాళ్లకు మనదే పేద దేశమని మర్చిపోకండి. అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. పంపిన సంఘం మొదట అప్పగించింది వైద్యం కాదు, ఆడవాళ్లకు చదువు చెప్పే పని. ఆమె అలిగి వెళ్లిపోలేదు. 1898లో ఆసుపత్రి కట్టింది, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. మన ఏలూరు జమీందారు ఆమె వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదురుగా రోగుల బంధువుల కోసం సత్రం కట్టించాడు. మంచం మీదున్న మనిషి వెనక ఒక ఇల్లు ఉంటుందని ఆయన గమనించాడు. మందుల కవరు ఇచ్చేటప్పుడు మనం గమనించాల్సిందీ అదే.

ఇలా అడిగి వినడం మందుల బల్ల దగ్గరే కాదు, ఆపదలోనూ పనికొస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లో జనం మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. అలాంటప్పుడు ఏ నీళ్లు తాగారు, ఏం తిన్నారు అని ఇంటింటా ఓపిగ్గా అడిగేవాళ్లు కావాలి. అలా అడగడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు, చెవులుంటే చాలు.

మిగతా సలహాలు గబగబా చెప్పేస్తా. డాక్టరు రాయని బిళ్ల ఒక్కటి కూడా ఇవ్వొద్దు. అడక్కుండా ఫొటో తీయొద్దు. మందుల గడువు తేదీ చూడండి. మీ మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. శిబిరం అయ్యాక ఎవరు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలో రాసిచ్చి, వారం తర్వాత ఫోన్ చేసి కనుక్కోండి.

శిబిరం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ రాత్రే ఇంట్లో మొదలుపెట్టండి. నాన్నగారు ఏదైనా చెప్తే “అంటే మీరనేది ఇదేనా నాన్నా?” అని ఆయన మాటను ఆయనకే తిరిగి వినిపించండి. “కాదురా” అంటారు. చిన్నబుచ్చుకోకండి, మళ్లీ అడగండి. “ఆఁ, అదే” అన్న తర్వాతే మీ జవాబు చెప్పండి. మొదట్లో నత్తినత్తిగా ఉంటుంది. నాకే వచ్చినప్పుడు మీకెందుకు రాదు?