గర్భిణులలో బి.పి. – బాధ లేదని ఊరుకోవద్దు

"సిస్టర్, నాకు ఏ బాధా లేదు. నెలనెలా పరీక్ష ఎందుకు?" అని చాలామంది గర్భిణులు అడుగుతుంటారు. బి.పి. పెరిగినా మొదట్లో నొప్పి గాని, జ్వరం గాని ఉండదు. కొలిస్తేనే తెలుస్తుంది.

ఎంత ఉంటే ఎక్కువ?

పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే బి.పి. ఎక్కువని అర్థం. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ కొలుస్తాము. పై అంకె 160 లేక క్రింది అంకె 110 చేరితే అత్యవసరం. ఈ జబ్బు సాధారణంగా అయిదవ నెల దాటాక మొదలవుతుంది. మూత్రంలో ప్రోటీన్ పోతుందేమో చూడడానికే ప్రతిసారి మూత్ర పరీక్ష అడుగుతాము. తొలిచూలు వారికి, కవలలు ఉన్నవారికి, లోగడ కాన్పులో బి.పి. వచ్చినవారికి, షుగరు, కిడ్నీ జబ్బులు ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

తల్లికి, బిడ్డకు ఏమవుతుంది?

తల్లికి ఫిట్స్ (గుర్రపు వాతం) రావచ్చు. మెదడు, కిడ్నీలు, కాలేయం దెబ్బతినవచ్చు. మాయ ద్వారా బిడ్డకు అందే రక్తం తగ్గి బిడ్డ బరువు పెరగదు. కొన్నిసార్లు తల్లిని కాపాడడానికి నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వస్తుంది. అలా పుట్టిన బిడ్డకు ఊపిరి అందక ఇబ్బంది కలగవచ్చు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు:

1. తగ్గని తలనొప్పి
2. చూపు మసకబారడం, కళ్ళ ముందు మెరుపులు
3. పొట్ట పైభాగంలో నొప్పి, వాంతులు
4. ముఖం, చేతులు ఉబ్బడం
5. బిడ్డ కదలికలు తగ్గడం
6. రక్తస్రావం

ఫిట్స్ వస్తే గాలి సోకిందని కాలయాపన చేయవద్దు. ఎడమ ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ సకాలంలో అందితే ప్రాణం నిలుస్తుంది.

కుటుంబానికి ఒక మాట

కాన్పుకు పుట్టింటికి పంపేది సరిగ్గా బి.పి. పెరిగే నెలల్లోనే. చీరె సారెతో పాటు పరీక్షల కార్డు, మాత్రలు కూడా పంపండి. అక్కడి ఆసుపత్రిలో పరీక్షలు కొనసాగించాలి. ఇదివరకే బి.పి. మాత్రలు వాడేవారు గర్భం అని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి. కొన్ని మాత్రలు బిడ్డకు మంచివి కావు. అయితే మీ అంతట మీరు మానవద్దు. కాల్షియం మాత్రలు చెప్పినట్లు వాడండి.

కాన్పు అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. ఆ తరువాత కూడా ఫిట్స్ రావచ్చు. మొదటి వారంలో, తిరిగి ఆరు వారాలకు బాలింతకు బి.పి. తప్పక చూపించండి.