కెమెరా కంటే ముందు ఎవరిని పిలవాలి?

ఫ్రెండ్స్, ఈసారి నేను కథ రాయట్లేదు. ఒక వీడియోలో నేను చేసిన తప్పు గురించి, దాన్ని అర్థం చేసుకోవడానికి చదివిన విషయాల గురించి ఒక పాఠంలా రాస్తున్నా. నర్సరీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కాబట్టి భాషలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం సర్దుకోకండి, అడగండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మూడు నిమిషాల వీడియో

మాది గజ్వేల్. ఒక ఫెస్ట్ కోసం ముగ్గురం కలిసి "మా అడవి తిరిగొచ్చింది" అని మూడు నిమిషాల వీడియో తీశాం. సింగాయపల్లి వైపు అడవి ఇప్పుడు పచ్చగా, ఒత్తుగా ఉంటుంది. ఉదయం వెలుతురులో నాలుగు షాట్లు, వెనకాల మంచి మ్యూజిక్, దాని మీద నా గొంతు: "2015లో హరితహారం మొదలైంది. ఈ చెట్లన్నీ మనుషులు నాటినవే." అందరూ బాగుందన్నారు. ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను.

మా బంధువుల్లో ఒక అక్క ములుగులోని అటవీ కళాశాలలో చదువుతోంది. (మా గజ్వేల్ పక్కనున్న ములుగు, సమ్మక్క సారలమ్మల ములుగు కాదు.) వీడియో చూసి ఫోన్ చేసింది.

"నీ రెండో షాట్‌లో మోదుగ చెట్టు ఉంది చూడు. ఒకే మొద్దు నుంచి నాలుగు కొమ్మలు లేచినయ్. నాటిన మొక్క అట్ల వస్తదారా?"

అప్పుడు ఆగి చూశాను. నేనే తీసిన షాట్, నేనే చూడలేదు.

అక్క చెప్పింది ఇదీ. మన దగ్గరి అడవుల్లో మోదుగ, టేకు లాంటివి కొట్టేసినా మొదలు చావదు. నేలలో వేళ్ళు బతికే ఉంటాయి. పశువులు మేయకుండా, మంట అంటకుండా, మళ్ళీ ఎవరూ నరకకుండా కాపాడితే చాలు, పాత మొదలు నుంచే చిగురు వస్తుంది. చుట్టూ కందకం తవ్వడం, వాన నీరు ఇంకేలా చేయడం, నాలుగు కొమ్మలొస్తే బలమైనది ఉంచి మిగతావి తీసేయడం: చేసే పని ఇది. ఖాళీ జాగాల్లో మొక్కలు నాటుతారు, నిజమే. కానీ "అన్నీ నాటినవే" అనడం తప్పు.

ఒక్క మాటే కదా అనుకున్నాను. తర్వాత ఊరికి పోతే మా కాక పొలం గట్టు మీది మోదుగ మొద్దులు తవ్వి పక్కన పడేసి ఉన్నాయి.

"నువ్వే చెప్పినవ్ గదరా, చెట్లన్నీ నాటినయే అని. ఇంక ఈ మొద్దులతోని ఏం పని? వానలు పడ్డంక మంచి మొక్కలు పెడ్త" అన్నాడు.

ఆయన నా వీడియోని నమ్మాడు. అదే నాకు భయమేసింది. మన భాషలో చెప్పాలంటే బగ్ ఎడిటింగ్‌లో లేదు, రిక్వైర్‌మెంట్స్‌లోనే ఉంది. స్క్రిప్ట్ రాసేటప్పుడు అక్కని పిలవలేదు. రిలీజ్ అయ్యాక టెస్టింగ్ చేశాం.

మన ఉమ్మడి జిల్లాలోనే ఒక పాఠం

సైన్స్ తెలిసినవాళ్ళు, సినిమా తీసేవాళ్ళు మొదటి రోజు నుంచీ కలిసి పనిచేయడం ఎక్కడైనా జరిగిందా అని వెతికాను. అమెరికాలో మోంటానా స్టేట్ యూనివర్సిటీ సైన్స్ చదివినవాళ్ళకి సినిమా తీయడం నేర్పుతోంది. అస్సాంలోని తేజ్‌పూర్‌లో గ్రీన్ హబ్ ఈశాన్య రాష్ట్రాల యువతకి కెమెరాతో ప్రకృతిని రికార్డు చేయడం నేర్పుతోంది. కానీ నన్ను ఆపేసిన ఉదాహరణ మన పాత మెదక్ జిల్లాలోనే దొరికింది. 2016లో జిల్లాలు విడిపోకముందు ఈ వైపు గజ్వేల్, ఆ వైపు జహీరాబాద్ ఒకే జిల్లా.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 1983లో మొదలైంది. అక్కడి మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత రైతులు. చిరుధాన్యాలు, పాత విత్తనాలు కాపాడటం వాళ్ళ పని. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్ ప్రొడ్యూసర్. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో కూడా పనిచేశారు. 2023 మార్చిలో చనిపోయారు.

ఈ సంఘాల మహిళలు వీడియో నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదవడం, రాయడం రాదు. అయినా కెమెరా పట్టారు, ఎడిటింగ్ చేశారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. 2008లో మాచునూరు నుంచి సంఘం రేడియో కూడా మొదలైంది.

నాకు బాగా నచ్చింది వాళ్ళు షాట్లకి పెట్టుకున్న పేర్లు. పై నుంచి కిందికి చూసే షాట్ "పటేల్ షాట్". మనిషి కళ్ళకి సమానంగా పెట్టి తీసేది "సంఘం షాట్". మనం లో యాంగిల్, హై యాంగిల్ అని బట్టీ పడతాం. వాళ్ళు ఎవరు ఎవర్ని ఎలా చూస్తున్నారో పేరులోనే పెట్టేశారు.

పత్తి చేలో కెమెరా

2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువుని పత్తి మొక్కలో పెడితే, కాయ తొలిచే పురుగుని చంపే ప్రొటీన్ మొక్కే తయారుచేసుకుంటుంది. పచ్చదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగుల మీద అది పనిచేయదు. మరి రైతుకి మొత్తం మీద లాభమా, నష్టమా?

ఆ ఖరీఫ్‌లో వరంగల్ జిల్లాలో రెండు పనులు జరిగాయి. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన డాక్టర్ అబ్దుల్ ఖయ్యూం, శాస్త్రవేత్త కిరణ్ సక్కరి రెండు వందలమందికి పైగా రైతుల ఖర్చు, మందులు, దిగుబడి లెక్కలు సీజన్ మొత్తం తీశారు. కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ మహిళలు విత్తనం వేసిన దగ్గర్నుంచి పత్తి ఏరేదాకా చేలకి వెళ్ళి షూట్ చేశారు. 2003లో రిపోర్టు, సినిమా రెండూ వచ్చాయి. సినిమా పేరుని తెలుగులో చెప్పాలంటే "వరంగల్ రైతులకి బీటీ పత్తి మీద కోపం ఎందుకు?"

ఇక్కడ ఎవరి పని ఏంటో చూడండి. ఎంతమంది రైతులకి, ఎకరాకి ఎంత అనేది టేబుల్ చెబుతుంది. ఆ సంఖ్య ఒక ఇంట్లో ఎలా ఉంటుందో సినిమా చెబుతుంది. టేబుల్ ఒక్కటే ఉంటే బీరువాలో ఉండిపోతుంది. సినిమా ఒక్కటే ఉంటే "ఏడ్చే రైతుని వెతికి చూపించారు" అనేస్తారు. పైగా ప్రశ్న అడిగేది కూడా రైతే కాబట్టి "ఎన్నిసార్లు మందు కొట్టినవ్?" అని అడగాలని ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

వివాదం గురించి కూడా చెప్పాలి, లేకపోతే మళ్ళీ నా వీడియోలానే అవుతుంది. ఆ రిపోర్టు లెక్కలతో అందరూ ఒప్పుకోలేదు. వేరే సర్వేలు వేరే ఫలితాలు చెప్పాయి. తర్వాతి పదేళ్ళలో దేశంలో పత్తి వేసే భూమిలో 90 శాతానికి పైగా బీటీనే వచ్చింది. కాలక్రమంలో గులాబీ రంగు పురుగు ఆ ప్రొటీన్లని తట్టుకోవడం మొదలుపెట్టింది. అంటే ఒక సీజన్, ఒక జిల్లా చూపించినది ఆ సీజన్‌కి, ఆ జిల్లాకి సాక్ష్యం. సినిమా పేరులోనే "వరంగల్" ఉండటం నాకు అందుకే ముఖ్యం అనిపించింది.

సినిమా కదిలించగలదు అనడానికి ఇంకో ఉదాహరణ. గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపల వేట మీద మైక్ పాండే తీసిన సినిమా 2000లో వచ్చింది. 2001లో ఆ చేపని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంత బలం ఉన్న పనిముట్టు కాబట్టే తప్పు మాట కూడా అంతే దూరం పోతుంది, మా కాక గట్టుదాకా.

నేను రాసుకున్న నోట్స్

1. స్క్రిప్ట్ కంటే ముందు ఆ విషయం చదివిన మనిషిని పిలవాలి. చివర్లో "సార్, ఒకసారి చెక్ చేయండి" అంటే మొహమాటానికి బాగుందంటారు.

2. షూటింగ్ క్యాలెండర్ ఫెస్ట్ తేదీ కాదు, పంటది, చెట్టుది. ఒక్క ఉదయంలో అడవి కథ దొరకదు.

3. "అన్నీ", "ఎప్పుడూ", "మొదటిసారి" అనే మాటలు స్క్రిప్ట్‌లో కనిపిస్తే ఎర్ర గీత గీయాలి. "ఇక్కడ", "ఈ ఏడాది", "కొన్ని" అంటే వీడియో బలం తగ్గదు.

4. సైన్స్ మనిషి కూడా కెమెరా పట్టుకోవాలి, కెమెరా మనిషి కూడా లెక్క రాయాలి. ఒక్క రోజైనా పనులు మార్చుకుంటే అవతలివాళ్ళ కష్టం తెలుస్తుంది.

5. మొదటి షో ఆ ఊరివాళ్ళకే వేయాలి. తప్పు వాళ్ళు పట్టినంత త్వరగా జడ్జీలు పట్టరు.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే

పాత వీడియో తీసేశాను. ఎందుకు తీశానో ఫ్యామిలీ గ్రూపులోనే రాశాను. అక్కని కాక పొలానికి తీసుకుపోయాను. గట్టు మీద ఇంకా రెండు మొద్దులు మిగిలాయి. అక్క వాటి మొదట్లో గోరుతో గీకి పచ్చగా ఉన్న చోటు చూపించింది. కాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే, ఒక ఏడు చూద్దాం. మేకలు రాకుంట కంప వేస్త" అన్నాడు.

పదిహేను రోజులకోసారి అదే చోటు నుంచి, అదే ఎత్తులో ఒక ఫొటో తీస్తున్నాం. పక్కన నోట్‌బుక్‌లో వాన పడిందా, ఎన్ని చిగుళ్ళు, ఎంత పొడవు అని అక్క రాయిస్తోంది. కాక కొత్తగా నాటబోయే మొక్కలకి కూడా ఇవే కాలమ్స్. ఏది బాగా బతుకుతుందో ముందే చెప్పను, ఒకసారి చెప్పి చూశాను కదా.

ములుగులో అటవీ కళాశాల ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మన దగ్గర కెమెరాలున్నాయి, ఎడిటింగ్ వచ్చినవాళ్ళున్నారు, తెలుగులో రాసేవాళ్ళు ఈ క్లబ్బులోనే ఉన్నారు. ఎవరైనా కలుస్తామంటే చెప్పండి. ఫొటో తీయడానికి ఆదివారం పొద్దున్నే పోతాం. నోట్‌బుక్ పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.